విస్తరి మీద చేతులు

"చారు," అన్నాడు సుందర్ రావు, నోటినిండా ఆవకాయ అన్నంతో.

"చాలా? మంచిది సారూ," అంటూ యాకయ్య చారు బకెట్టుతో ముందుకు సాగిపోయాడు.

వంటింటి గడపలో నిలబడ్డ సోమక్కకూ 'చాలు' అన్నట్టే వినపడింది. ఆమె గుండె కలుక్కుమంది.

వరంగల్లు సుబేదారిలో సోమక్క మెస్సుకు టూరు ఉద్యోగుల్లో పెద్ద పేరు. 'ఫుల్ మీల్స్' అని బోర్డు కట్టి మనిషిని ఫూల్ చేసే హోటళ్ళున్న రోజులవి, డెబ్బయ్యెనిమిదో సంవత్సరం. ఊళ్ళు మారే ఉద్యోగికి మారు వడ్డించే దిక్కెవరు? సోమక్కే. ఆమె వేసిన మోదుగాకు విస్తరి ముందు కూర్చున్నవాడు బెల్టు వదులు చేసుకోకుండా లేచింది లేదు.

సుందర్ రావు తూనికలు కొలతల ఇనస్పెక్టరు. వరంగల్లు దుకాణాల్లో త్రాసులు తనిఖీ చేయడానికి ఒంగోలు వైపు నుంచి పక్షం రోజుల పనిమీద వచ్చాడు. రోజూ ఒకటే తంతు. విస్తట్లో అన్నం, పచ్చడి పడగానే కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ విస్తరి మీద చాపేవాడు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వద్దని కదా అర్థం! పప్పు వచ్చేది, చేతులు చూసి తప్పుకునేది. కూర వచ్చేది, అదీ తప్పుకునేది. బంతి చివరిదాకా వడ్డన అయిపోయాక కళ్ళు తెరిచి, అటూ ఇటూ ఓ చూపు చూసి, ఉన్న పచ్చడే కలుపుకుని తిని లేచేవాడు. ఊరి త్రాసుల తూకం సరిచేస్తూ సరిచేస్తూ తానే తూకం తగ్గిపోయాడు.

సోమక్క కారం తగ్గించింది. పప్పులో నెయ్యి పెంచింది. చేతులు మాత్రం విస్తరి మీదనుంచి జరగలేదు.

"అక్కా, సారు నీ వంటను కండ్లతోని గూడ చూస్తలేడు గదనే," అన్నాడు మందుల కంపెనీ వెంకట్రాజం, మూడోసారి పప్పు పోయించుకుంటూ. "రేపు ముక్కు గూడ మూసుకుంటడు చూడు."

"నువ్వు జర నోరు మూసుకోరాదు తమ్మీ."

"నోరు మూసుకుంటే నీ పప్పెట్ల తినుడే?"

అందరూ నవ్వారు. సోమక్కకు నవ్వు రాలేదు. వంటింట్లోకి పోయి యాకయ్యతో అంది, "ఆదివారం మాంసం గూడ వద్దన్నడనుకో, బోర్డు పీకుతా. రుచి తప్పిన చెయ్యితోని ఎవల కడుపు నింపుతం?"

"ఒక్కడు తింటలేడని గింత ఫికరా అక్కా?"

"ఆ ఒక్కడే నిజం చెప్తాండేమోరా."

ఆదివారం మాంసం గిన్నె ఆమే పట్టుకుని బంతిలోకి వచ్చింది. సుందర్ రావు దగ్గరికి వచ్చేసరికి మామూలే, కళ్ళు మూత, చేతులు మేత మీద. ఆమె కదల్లేదు. ఇవ్వాళ ఏదో ఒకటి తేలాల్సిందే. గంటె ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. తిడుతున్నాడా? సోమక్క వంగి చెవి పెట్టింది.

"ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. వండిన సోమక్కగారి చేతుల్ని దీవించు. పక్క విస్తళ్ళ వాసనకే ప్రాణం లేచొస్తోంది తండ్రీ. నాకు మాత్రం ఎందుకు పెట్టడం లేదో నీకే తెలియాలి. వాళ్ళ మనసు మార్చు..."

"అయ్యో బిడ్డా!"

ఆ కేకకు సుందర్ రావు కళ్ళు తెరిచాడు. చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ప్రార్థన చేస్తున్నానండీ. అన్నం మీద చేతులుంచి దీవెన అడగమని మా అమ్మ మార్తమ్మ నేర్పింది," అన్నాడు, ఏదో నేరం చేసినట్టు.

"మరి పప్పు పెట్టుమని అడగద్దా సారూ!"

"ఇనస్పెక్టర్ని కదండీ. ఒకరోజు చారు అడిగితే చాలనుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ అడిగి పెట్టించుకుంటే ఉద్యోగం చూపించి దబాయిస్తున్నానంటారని..."

సోమక్క విస్తట్లో రెండు గంటెలు వేసింది, ఇంకోటి వేసింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడింది. ఆయన కళ్ళు మళ్ళీ మూతపడ్డాయి, ఈసారి ప్రార్థనకు కాదు. నమిలి మింగి, తల ఊపాడు.

కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె బంతి వైపు తిరిగింది.

"అందరు జర ఇనుండ్రి! సారు విస్తరికి చేతులు అడ్డం పెట్టుడు వద్దని కాదు. దేవునికి మొక్కుకుంటాండు. వండిన నాకు గూడ మొక్కుతాండు. మనమేమో తినబుద్ధి అయితలేదనుకుని ఉపాసం ఉంచినం. ఒరే యాకయ్యా, ఇగనుంచి సారు ఆమెన్ అనేదాకా బకెట్టు కదలద్దు."

"ఆమెనా? ఏ ఆమె అక్కా?"

"మొక్కుడు అయిపోయిందని చెప్పే మాటరా అది! గది అన్నంక పప్పు, కూర, చారు, అన్ని పొయ్యాలె. వద్దు అని నోటితోని చెప్పినా గంటె ఆపకు. ఇన్నొద్దుల బాకీ ఉన్నది మనకు."