మత్తడి దుంకిన నాడు

రాజయ్య మగ్గానికి బంతిపూల దండ వేశారు. సిరిసిల్లలోని పెద్ద ఫంక్షన్ హాలులో వేదిక మీద దాన్ని నిలబెట్టి, పైన రంగుదీపాలు పెట్టి, వెనక 'మన పట్టణ వారసత్వం' అని బ్యానర్ కట్టారు. సగం నేసిన తువ్వాల ఇంకా మగ్గం మీదే ఉంది. దానికి పట్టిన బురదను మాత్రం ఎవరో శుభ్రంగా కడిగేశారు.

ముందు వరుసలో కూర్చున్న రమ కళ్లు ఆ మగ్గం మీదే ఉన్నాయి. ఆమె రాజయ్య కోడలు. ఇంట్లో బీడీలు చుడుతుంది. భర్త ప్రేమ్‌కుమార్ సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద కూలికి పనిచేస్తాడు. నేలలో గుంట తీసి, అందులోకి కాళ్లు దించుకొని నేసే పాత మగ్గం ఆ వీధి మొత్తంలో రాజయ్య ఒక్కడి దగ్గరే మిగిలింది. మొన్నటి వరదలో ఆ గుంటలోనే మునిగి చచ్చిపోయాడు. బ్యానర్ మీద ఎన్నో రాశారు గానీ ఆ సంగతి రాయలేదు.

చెరువు మత్తడి దుంకిందంటే, నిండిన నీళ్లు కట్ట పక్క నుంచి పొర్లి పారాయంటే, ఈ ప్రాంతంలో ఏడ్చేవాళ్లుండరు. పసుపు కుంకుమలు, రవికెగుడ్డ పట్టుకొని గంగమ్మకు మొక్కడానికి ఉరుకుతారు. వరద వచ్చిన రోజు కూడా పట్టణ వారసత్వ సంఘం వాళ్లు ఆటోకు మైకు కట్టి మరీ పిలిచారు. "చెరువు మన వారసత్వం, అక్కాచెల్లెళ్లంతా బతుకమ్మలతో రండి" అన్నారు. ఫొటోలు తీసేవాళ్లను జగిత్యాల నుంచి రప్పించారు. ముసురు పట్టి వారమంతా ఇంట్లో ముడుచుకున్న వీధి ఒక్కసారిగా బయటికొచ్చింది.

"పో బిడ్డా, నా పేరు మీద గూడ మొక్కు" అన్నాడు రాజయ్య గుంటలో కూర్చొని. మోకాళ్లు పట్టేసిన ముసలివాడు. ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప గుంటలోంచి లేవలేడు.

"జల్దినే వస్త మామా" అని చెప్పి రమ తలుపు దగ్గరకు వేసి పోయింది.

మత్తడి నీళ్లు కాలువ వెంట పోయి మానేరులో కలవాలి. కానీ సంఘం అధ్యక్షుడు చెరువు కింద ప్లాట్ల వెంచర్ వేసి, దాని చుట్టూ గోడ లేపాడు. లారీ పట్టేంత కాలువను ఒక పైపులోకి కుక్కాడు. ఆడవాళ్లు మత్తడి దగ్గర చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడుతుంటే, వాళ్లు చేతులెత్తి మొక్కిన ఆ నీళ్లే గోడకు తన్నుకొని, వెనక్కి మళ్లి, వాళ్ల ఇళ్లలోకే దూరాయి. ఏ ఇంట్లో అయినా నీళ్లు ముందు పల్లానికే పోతాయి. రాజయ్య ఇంట్లో పల్లం మగ్గం గుంటే.

కాలువ పక్క గుడిసెల్లో ఉండే నర్సక్క నడుములోతు నీళ్లలో వచ్చి, ముసలాయన్ను వీపు మీద వేసుకొని బయటికి తెచ్చింది. ఆమె బీర్పూర్ నుంచి వచ్చి ఇక్కడ వీధులు ఊడ్చి బతికే మనిషి. ఆమె తెచ్చేటప్పటికే ప్రాణం పోయింది. మామ మునిగే వేళకు తాను పాట పాడుతున్నానన్న సంగతి రమను అన్నం తిననివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు.

ఇప్పుడు హాలులో వేదిక మీద ఆ అధ్యక్షుడే మైకు అందుకున్నాడు. ఖద్దరు చొక్కా, మెత్తటి గొంతు.

"వరద ప్రకృతి జేసిన పని. ఎవరినీ అనలేం. కాకపోతె కాలువ పొంటి గుడిసెలేసుకొని నీళ్ల తొవ్వ మూసినోళ్లున్నరు. ముందుగాల గా గుడిసెలు తియ్యాలె. గీ మాట నేను జెప్పుడు గాదు, రాజయ్య కోడలే మీకు జెప్తది."

రమను వేదిక మీదికి పిలిచి, భుజాల మీద శాలువా కప్పి చేతికి మైకు ఇచ్చారు. హాలంతా ఆమె వైపు తిరిగింది. వెనక తలుపు దగ్గర చీపురు పట్టుకొని నిలబడ్డ నర్సక్క కూడా చూస్తోంది. హాలు ఊడ్చడానికి ఆమెనే పిలిచారు మరి!

"మా మామ..." అని రమ ఆగిపోయింది. నర్సక్క మీద చూపు పడింది. "గుడిసెల మాట నేను జెప్ప" అని మైకు తిరిగిచ్చేసి, శాలువా కుర్చీ మీద పడేసి కిందికి దిగింది.

"పాపం, దుఃఖంల ఉన్నది" అన్నాడు అధ్యక్షుడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు రమను చెంపదెబ్బల్లా తాకాయి.

పొద్దుగూకే వేళ వీధిలో అందరూ పోగయ్యారు. ప్రేమ్‌కుమార్ భార్య మీద మండిపడ్డాడు.

"ఒక్క మాటంటె నీ సొమ్మేం బోయింది? గుడిసెలు వోతె మన ఇండ్లల్లకు నీళ్లు రాకుంట ఉంటయి గదా!"

చాలామంది తలూపారు. అప్పుడే నర్సక్క, ఆమె కొడుకు ఏసుబాబు అక్కడికి వచ్చారు.

"నీకేం పని ఈడ?" అంది పక్కింటి శంకరవ్వ.

"నా గుడిసె కోసం బతిలాడనీకి రాలే అవ్వా" అంది నర్సక్క. "ఒక్కటడిగి పోత. గా గోడ మీ కండ్లకు కనవడలేదా?"

కనబడకపోవడమేమిటి! గడపల్లో కూర్చొని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆ గోడ వరుస వరుస లేవడం చూశారు. కానీ సాంచెల యజమానులంతా అధ్యక్షుడికి దోస్తులు. గోడను అంటే కూలి పోతుంది. గుడిసెను అంటే ఏమీ పోదు. పేదవాడికి భయం పుడితే కోపం ఇలాగే తనకంటే పేదవాడి మీదికి మళ్లుతుంది. దొరలకు, కాంట్రాక్టర్లకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు.

"సూసిన నర్సక్కా" అంది రమ. "రోజూ సూసిన. కట్టుకుంటుండు తియ్, మనకేంది అనుకున్న. గిప్పుడు గీ నోటితోనే నీ గుడిసె గూల్సుమంటె మా మామ మల్లొకపారి సస్తడు."

"గోడ జోలికి వోతె రేపు సాంచె మీదికి రానిస్తరా?" అన్నాడు ప్రేమ్‌కుమార్, ఈసారి గొంతు తగ్గించి.

"రానియ్యకుంటె వాళ్లనే నడుపుకొమ్మను!" అని లేచింది శంకరవ్వ. "ఆళ్లకు సాంచెల నూలు కండె వెట్టుడన్న వస్తదారా?"

ఒకరిద్దరు నవ్వారు. నర్సక్కకు కూర్చోమని ఎవరో పీట వేశారు. ఇన్నేళ్లలో ఆ వీధిలో ఆమెకు పీట వేయడం అదే మొదటిసారి. ఆమె కూర్చోలేదు గానీ, పక్కకు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గోడ తీయించమని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎక్కడికి పోయినా రేపు రమ్మన్నారు. ఆ రేపు రాకముందే మళ్లీ వాన పట్టింది, చెరువు నిండింది, ఆటో మైకు వీధుల్లోకి వచ్చింది. "మత్తడి పూజకు రండి" అని అదే పిలుపు. ఈసారి వీధి పూజకు పోలేదు. గడ్డపారలు, పారలు పట్టుకొని గోడ దగ్గరికి పోయింది. గుడిసెల వాళ్లు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు.

గోడ కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. సంగతి తెలిసి అధ్యక్షుడు కారులో వచ్చాడు.

"గిది పట్టా భూమి! ఒక్క ఇటుక కదిలినా ఊకునేది లేదు!"

"పట్టా నీకిచ్చిన్రు సారూ, నీళ్లకు జెప్పలేదు!" అన్నారు గుంపులోంచి.

అతని వెనకే దిగిన సంఘం కార్యదర్శి మధు కాలేజీ లెక్చరర్. చెడ్డవాడు కాదు, అందరితోనూ మంచిగా ఉండాలనుకునేవాడు. "కొంచెం ఓపిక పట్టండమ్మా. వచ్చే నెల కోరుట్లలో వరదల మీద సదస్సు పెడుతున్నాం. అన్నీ అక్కడ మాట్లాడుకుందాం" అని చేతులు జోడించాడు.

"గప్పటిదాక నీళ్లను గూడ ఓపిక వట్టుమనుర్రి సారూ" అని రమ గడ్డపార ఎత్తింది.

మొదటి పోటుకు ఇటుక పెచ్చు మాత్రమే లేచింది. ఏసుబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. తర్వాత ఎవరు ఎక్కడ పొడిచారో ఎవరికీ తెలియదు. గోడ కడుపు ఉబ్బి, ఒక్కసారిగా కూలింది. నీళ్లు అరుచుకుంటూ ప్లాట్ల రాళ్లను దొర్లించి మానేరు వైపు పోయాయి. వీధిలో గడపల దాకా వచ్చిన నీళ్లు వెనక్కి తగ్గాయని ఎవరో ఉరికొచ్చి చెప్పారు.

అంతా కేకలు వేస్తుంటే రమ ఇటుకల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "గింతేనా నర్సక్కా! గింత జేసుంటె బతుకుతుండె గదా మా మామ! ముందే ఎందుకు జెయ్యకపోతిమి?"

నర్సక్క ఆమె తలను పొట్టకు అదుముకుంది. ఎంత అదిమినా ఆ ఏడుపు ఆగలేదు.

జీపు వచ్చింది. అంతమందిలోంచి పోలీసులు ఏసుబాబును ఒక్కణ్నే పట్టుకున్నారు.

"మొదటి పోటు నాది సారూ, నన్ను తీస్కపోర్రి" అంది రమ అడ్డం నిలబడి.

"నువ్వు బాధల ఉన్నవమ్మా, నీ మీద కేసు లేదు" అన్నాడు ఎస్సై. "గుడిసెల పోరగాడు రెచ్చగొట్టిండు, మీరు పోయిన్రు. గంతే. మీరంత మర్యాదస్తులు, ఇండ్లకు పోర్రి."

ఆ మర్యాద ఎవరికీ అక్కర్లేకపోయింది. వీధి ఆడవాళ్లు, గుడిసెల ఆడవాళ్లు కలిసి జీపు వెనకే నడిచి, సన్నటి వానలో స్టేషన్ ముందు బైఠాయించారు. లోపల ఏసుబాబును కొడుతున్న చప్పుడు వినబడింది. నర్సక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది.

వాళ్ల వెంట వచ్చి కూర్చున్న ప్రేమ్‌కుమార్, మిగతా మగవాళ్లు లేచి మెల్లగా వీధుల వైపు పోయారు. రమ వాళ్లను చూసింది. కూలి పోతుందని జంకి పోతున్నారనుకుంది. పిలవడానికి కూడా మనసొప్పక తల దించుకుంది.

కొంతసేపటికి ఎస్సై లోపలి నుంచి వరండాలోకి వచ్చాడు. చెవి ఒగ్గి విన్నాడు. ఊళ్లో పగలూ రాత్రీ ఆగని టకటక చప్పుడు వినబడలేదు. గేటు దగ్గరి కానిస్టేబుల్‌ను అడిగాడు.

"కరెంటు వోయిందా?"

"కరెంటున్నది సార్. సాంచెలు బందువెట్టిన్రు."

"ఎవలు?"

కానిస్టేబుల్ వాన వైపు చూశాడు. ఒక్కో వీధి మలుపులోంచి మగవాళ్లు గుంపులు గుంపులుగా వస్తున్నారు. ముందు ప్రేమ్‌కుమార్ ఉన్నాడు.

"అందరు సార్."