నల్లకుచ్చు కట్టిన రాకెట్టు

ఆహ్వానపత్రికను శ్రీశైలం సారు కళ్లద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివాడు. ఎన్నిసార్లు చదివినా అక్షరాల పరిమాణం మారలేదు. పైన రంగుల ఫొటోతో, "ముఖ్య అతిథి: ఖాజా మియా గారు, బొమ్మల చిత్ర సృష్టికర్త". అట్టడుగున, వేదిక చిరునామాకూ ప్రెస్సు పేరుకూ మధ్య ఇరుక్కుని, "సహకారం: శ్రీశైలం, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు".

"సహకారమట!" అన్నాడు పైకే.

భార్య రేణుకమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "పొద్దుగాల నుంచి గా కార్డే చూస్తున్నవ్. కుళ్లుకుంటున్నవా ఏంది?"

"కుళ్లు గాదు. ఇది వాస్తవానికి సంబంధించిన సంగతి. కథ నాది, మాటలు నావి, డైరెక్షన్ నాది. లారీలకు రంగులేసెటాయన సృష్టికర్త ఎట్లయితడు?"

"బొమ్మలు ఆయనే జేసిండు గద."

"నేను చెప్తె జేసిండు."

"మరి వనపర్తి సభకు పొయ్యి గా మాట ఆడ చెప్పు. చిక్కుడుకాయలకు చెప్తె ఏమొస్తది?"

ముప్పై తొమ్మిదేళ్ల కిందటి మాట. గద్వాలలో ఒక పాఠశాల ప్రయోగశాలను వేసవి సెలవుల్లో ఖాళీ చేయించి, అయిజ చేలలోని ఎర్రమట్టిని బల్లల మీద పరిచి, దారాలతో ఆడించే బొమ్మలతో తీసిన ఇరవై రెండు నిమిషాల సినిమా అది. పేరు "అరుణగ్రహంలో అయిదు రోజులు". కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ నుంచి ముగ్గురు అంగారకుడికి పోతారు. అక్కడ బోరు వేస్తారు. బండరాక్షసులకు చిక్కుతారు. మంత్రాలతో కాక లెక్కలతో తప్పించుకుంటారు. పిల్లలలో శాస్త్రీయ దృష్టి పెంచడానికి ఉద్దేశించిన ఆ చిత్రం నాలుగైదేళ్లు ఊరూరా ఆడి, ఆ తర్వాత మాయమైంది.

నిరుడు వనపర్తిలోని ఒక కళాశాల సామాన్ల గదిలో దాని రేకు డబ్బాలు దొరికాయి. అక్కడి అధ్యాపకురాలు ఉమ వాటిని హైదరాబాదుకు పట్టుకుపోయి బాగుచేయించి ఇంటర్నెట్టులో పెట్టింది. మూడు లక్షల మంది చూశారట. దురదృష్టవశాత్తు చెమ్మ తగిలి రీలు మొదటి భాగం అట్టకట్టింది. అందులోనే "రచన, దర్శకత్వం: శ్రీశైలం" అన్న పేర్ల పలక ఉండేది. ఇప్పుడు సినిమా నేరుగా రాకెట్టు తోకతో మొదలవుతోంది. ఆ తోక మీద, కొత్తకోటలో ఏ లారీకి రంగు వేసినా ఒక మూల సంతకం పెట్టే అలవాటు చొప్పున, "ఖాజా పెయింటర్, కొత్తకోట" అని పసుపుపచ్చ అక్షరాలు. రాకెట్టు కనిపించినంతసేపూ అవీ కనిపిస్తాయి. చూసినవాళ్లకు మరొక పేరు తెలిసే మార్గమే లేదు.

ఆ తోకకు ఇంకొకటి కూడా ఉంది. కొత్త లారీకి దిష్టి తగలకుండా కట్టే నల్లకుచ్చు. చిత్రీకరణలో నల్లతెర ముందు అది శ్రీశైలం కంట పడలేదు. మొదటి ప్రదర్శన రోజు ఎర్రమట్టి మీద రాకెట్టు దిగుతుంటే కొట్టొచ్చినట్టు కనబడింది. పదిమంది ఉపాధ్యాయుల ముందే ఖాజాను నిలదీశాడు. ఖాజా తల దించుకుని వెళ్లిపోయాడు. వాళ్లు మళ్లీ కలవలేదు. మూఢనమ్మకం మనిషిని అంగారకుడి దాకా ఎలా వెంటాడుతుందో చెప్పడానికి శ్రీశైలం ఊరూరా ఇచ్చే తన శాస్త్ర ప్రచార ఉపన్యాసాలన్నింటిలోనూ ఆ కుచ్చును ఉదాహరణగా వాడుకున్నాడు. ప్రతిసారీ జనం నవ్వారు.

నాగర్‌కర్నూలు నుంచి బస్సులో పోతూ ఆయన చెప్పవలసిన రెండు మాటలనూ మననం చేసుకున్నాడు. ఒకటి, చేతిసంచిలోని పాత నోటుబుక్కు తీసి, పోయిన పలకలో ఏముండెనో చదవడం. రెండు, ఆ కుచ్చు కథ చెప్పి, సృష్టికర్త గారి బుద్ధి ఎలాంటిదో సభకు తెలియజేయడం. రెండూ వాస్తవాలే. కాబట్టి ఇందులో అసూయ లేదని ఆయన నిర్ధారించుకున్నాడు.

"వచ్చిన్రా సార్! కూసోండ్రి," అంది ఉమ, సభ వెనక గదిలో కుర్చీ జరుపుతూ. "ఖాజా చాచా గంట కిందనే వచ్చిండు. ఏం తెచ్చిండో చూడండ్రి!"

బల్ల మీద, విప్పిన పాత లుంగీగుడ్డ మధ్య, రెండడుగుల రేకు రాకెట్టు. రంగు కొద్దిగా వెలిసింది. సంతకం వెలిసిపోలేదు. పక్కన ఖాజా మియా, తెల్లటి గడ్డంతో, ఫొటోలో కంటే చిన్నగా ఉన్నాడు. ఉమ మైకు సంగతి చూడడానికి వెళ్లిపోయింది.

"సలాం సారూ. జర ముసలోనివైనవ్."

"నువ్వేమన్న పిల్లగానివా?"

"నేను పెయింటర్‌ను. పైనుంచి ఒక కోటింగ్ ఏస్కుంట," అని ఖాజా మెహందీ పెట్టిన జుట్టు సవరించుకున్నాడు.

నవ్వు రాబోయి ఆగింది శ్రీశైలానికి. కుచ్చు ఇంకా తోకకే ఉంది. ఆధారాన్ని పరీక్షించే అలవాటుతో రెండు వేళ్లతో దానిని ఎత్తాడు. బరువుగా ఉంది. వెంట్రుకల కుచ్చుకు ఉండవలసిన బరువు కాదది. లోపల తడిమితే ఇనుము.

"ఏంది ఇది?"

"లారీ చక్రం నట్టు."

"దిష్టికి నట్టెందుకు?"

"దిష్టి ఎవడు గట్టిండు సారూ? కొక్కేనికి దారమేసి ఏలాడదీయి. కుచ్చు ఇప్పి చూడు."

శ్రీశైలం విప్పాడు. దారం పట్టుకుని రాకెట్టును పైకెత్తాడు. అది ముక్కు కిందికి వాల్చి, గింజలేరుకునే కోడిలా నేలను చూసింది. కుచ్చు కట్టాడు. తిన్నగా, అడ్డంగా, గర్వంగా నిలిచింది. ప్రయోగం మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అదే ఫలితం.

"కొక్కెం ఏడ పెట్టాల్నో నేను లెక్క జేసి ఇచ్చిన గద. ముక్కు నుంచి పదకొండు అంగుళాలు," అన్నాడు.

"రేకు లెక్క జేసినవ్. ముక్కు నున్నగ రావాల్నని నువ్వే అంటివి. నేను దోసెడు లప్పం ముద్ద మెత్తిన. గా లప్పం నీ లెక్కల లేదు."

"మరి గప్పుడే చెప్పొద్దా?"

"బోర్డు మీద అంత పెద్దగ లెక్క రాసి పిల్లలకు చూపెడ్తివి. ఆళ్ల ముందర తప్పని ఎట్ల చెప్త? నట్టు ఉత్తగ ఏలాడితే ఖరాబుంటదని కుచ్చుల దాచిన. ఎనక నువ్వు తిట్టినవ్. తిడితే నాకేం బరువు? ఇప్పితే రాకెట్టు బోర్ల బడ్తది."

"ముప్పై తొమ్మిదేళ్లు ఊకున్నవా!"

"నువ్వు అడిగినవా?"

శ్రీశైలం కుచ్చు ముడి మరోసారి బిగించాడు. ఆ కుచ్చు ఎందుకు కట్టావని తాను ఒక్కసారి కూడా అడగలేదు. పరీక్షించకుండా నమ్మినవాడు తానే. అంతవరకు ఖాజా కొట్టేసింది పేరు మాత్రమే అనుకున్నాడు. ఇప్పుడు భౌతికశాస్త్రం కూడా పోయింది. ఉక్రోషం తగ్గకపోగా రెట్టింపయింది.

దీపాలు ఆర్పి సినిమా వేశారు. తాను నెల రోజులు రాసి, పలాయన వేగం గురించి బొమ్మల చేత చెప్పించిన సంభాషణ దగ్గర సభలో దగ్గులు వినిపించాయి. ఫోన్లు వెలిగాయి. అంతలో ఒక బొమ్మ రాకెట్టు ఎక్కబోతూ చెప్పులు విడిచి, వాటిని జతగా సర్ది, మెట్టు ఎక్కింది. స్క్రిప్టులో లేని పని. సభంతా ఈలలు. శ్రీశైలానికి చప్పట్లకు చెయ్యి లేవలేదు. బొమ్మ చేతులు మాత్రం, ఆయన ఒప్పుకోక తప్పలేదు, బతికిన చేతులే. ఆ తర్వాత రాకెట్టు ఎర్రమట్టి మీదుగా సాగింది. ముక్కు వాలకుండా, గీత గీసినట్టు. తోకన కుచ్చు ఊగుతోంది. జనం మళ్లీ నవ్వారు, ఇన్నేళ్లూ ఆయన నవ్వించినట్టుగానే.

"ఇప్పుడు ఈ చిత్రానికి సహకరించిన శ్రీశైలం గారు..." అంది మైకులో ఉమ.

నోటుబుక్కు చేతిలో ఉంది. పలక రాసుకున్న పేజీకి గుర్తుగా బస్సు టికెట్టు పెట్టుకున్నాడు. దానికి ఎదురు పేజీలోనే ఆ లెక్క: రేకు బరువు, పొడవు, పదకొండు అంగుళాలు, కింద రెండు గీతలు. ఏ పేజీ చదివినా వాస్తవమే. నలభై ఏళ్లుగా ఊరూరా తిరిగి ఆయన జనాన్ని అడగమన్నది మాత్రం ఒక్కటే, ఆధారం చూపమని.

"మీరంత నవ్విన్రు గద, ఆ కుచ్చు చూసి," అన్నాడు. "అది దిష్టికి కట్టింది కాదు. నా లెక్క తప్పింది. నేను లప్పం బరువు కలపలేదు. ఖాజా దాన్ని ఒక నట్టుతోని సరిజేసిండు. నేను ఆయన్ను మూఢుడని పదిమంది ముందర తిట్టిన, ఊరూరా చెప్పి నవ్వించిన. తప్పు నాది." ఇక్కడితో ఆగాలని ఉన్నా ఆగలేకపోయాడు. "కథ, మాటలు మాత్రం నావి. అది కూడ రాసుకోండ్రి."

చప్పట్లు మోగాయి. అందరూ లేచి నిలబడి, ఖాజా వైపు తిరిగి కొట్టారు.

సభ ముగిశాక రాకెట్టు చుట్టూ గుంపు. ఒక పిల్ల శ్రీశైలం చేతిలో ఫోను పెట్టింది. "సార్, జర ఫొటో తీస్తరా? చాచాతోని."

తీశాడు. బొటనవేలు అడ్డం పడి ఖాజా మొహం కనబడలేదు. పొరపాటో కాదో తేల్చుకోవడానికి ఆయన వద్ద ఆధారం లేదు.

"ఇంకోటి తీయి సారూ," అన్నాడు ఖాజా, అంతా చూసినట్టే నవ్వుతూ. "ఈసారి ఏలు తీసి."

శ్రీశైలం రెండడుగులు వెనక్కి జరిగాడు. ఒక కన్ను మూసి చూశాడు. "అట్ల గాదు. అందరు ఎడమకు జరుగుండ్రి. ఖాజా, నువ్వు గా రాకెట్టు జర తిప్పు, తోక కనబడాలె. ఇంకొంచెం... నేను చెప్పెదాంక కదలొద్దు!"

గుంపు మొత్తం, ఖాజాతో సహా, చెప్పినట్టు నిలబడింది.