సిమెంటులో అరచెయ్యి

అమర్కాయ్ ఇనపకడ్డీని ఛాతీ మీంచి పైకి నెట్టాడు. కడ్డీ రెండు కొసలకూ రంగుడబ్బాల్లో పోసి ఆరబెట్టిన సిమెంటు దిమ్మలు. చోర్కోర్ అనే ఈ జాలరిపేట ఒడ్డున ఎవరి దిమ్మలు వాళ్లే పోసుకుంటారు, తడిగా ఉన్నప్పుడే పైన అరచెయ్యి అద్దుతారు. అడక్కుండా మరొకడు వాటిని ముట్టుకోడు. మంగళవారం పడవలు సముద్రంలోకి వెళ్లవు కనక చేపల బుట్టలు మోసే మగాళ్లంతా ఆ పొద్దు ఇక్కడే చేరి, ఒకరి కండలు ఒకరికి చూపించుకుని మురిసిపోతుంటారు.

అమర్కాయ్ మనిషి గోడలా ఉంటాడు. మెడ భుజాల్లో కలిసిపోయింది. రొమ్ములు ఆడవాళ్లకు మల్లే ఉబ్బడంతో ఈమధ్య చొక్కా మాత్రం విప్పడం లేదు.

పక్కనున్న స్నేహితుడు లాంటే సూదీ, కండలు పెంచే మందుసీసా తీశాడు. వీళ్లిద్దరూ జోడీ. ఒకరికొకరు పొడుచుకోవాలి, అదీ ఒకే సూదితో. తన సూది తాను దాచుకునేవాణ్ణి ఇక్కడ పిసినారి అంటారు.

"పక్కకి తిరుగు బావా. శనివారమే కండల పోటీ."

"వద్దురా."

"ఇంత కొండంత మనిషివి, సూదికి భయపడ్డావా?"

"ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఈ మందు పడితే ఒళ్లు తన పని తను మానేస్తుందంట. నాలో బీజం లేదు లాంటే. పిల్లలు పుట్టనిది నా పెళ్లాం దేదేయ్ వల్ల కాదు."

లాంటే నవ్వబోయి ఆగిపోయాడు. అతనికీ పిల్లల్లేరు.

"పోటీ అయ్యాక మానేద్దువులే."

"పోయినేడూ అదే అనుకున్నాం కదరా."

అమర్కాయ్ కడ్డీ దించి ఇంటిదారి పట్టాడు.

వాకిట్లో దేదేయ్ పులిసిన పిండితో చేసిన కెంకే ముద్దలకు మొక్కజొన్న పొత్తుల ఆకు చుడుతోంది. పక్కన అత్తగారు. కోడలికి ఆవిడ తాగించని కషాయం లేదు, తిప్పని ప్రార్థన మందిరం లేదు. అంత కండ పట్టిన కొడుకులో లోపం ఉంటుందని పాపం ఎవరనుకుంటారు?

"ఆదివారం దీన్ని ఇంకో పాస్టరు దగ్గరికి తీసుకెళ్తాను అబ్బాయ్."

"ఇక దాన్నెక్కడికీ తిప్పకమ్మా. లోపం నాది. ఆ సూదుల్తో చేతులారా తెచ్చుకున్నాను."

దేదేయ్ తలెత్తింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొన్న."

"మొన్నే చెప్పడానికేం?"

"సిగ్గేసింది."

"పేగులు మాడేదాకా కషాయాలు తాగాను నేను! నీకు సిగ్గేసిందా?" దేదేయ్ ఏడ్చింది. ఏడుస్తూనే చేతిలోని ముద్దకు ఆకు చుట్టింది. ఆ ముద్ద పక్కన పెట్టి అడిగింది, "బాగవుతుందా మరి?"

"మానేస్తే ఏడాదికో రెండేళ్లకో కావచ్చంది నర్సమ్మ. ఒట్టేసి చెప్పలేనంది."

"కావచ్చంటే చాలు."

ముసలమ్మ లేచి లోపలికెళ్లింది. కోడలి కోసం కాచిన కషాయం గిన్నె తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "అయితే నువ్వు తాగు."

అమర్కాయ్ ఒక్క గుక్క మింగి మొహం వికారంగా పెట్టాడు. కళ్లు తుడుచుకోకుండానే దేదేయ్ ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు విని అతనికి ప్రాణం లేచొచ్చింది.

శనివారం పోటీకి అతను వెళ్లలేదు. మళ్లీ మంగళవారం ఒడ్డున అతని చోటు ఖాళీగానే ఉంది. లాంటే ఒక్కడే వచ్చాడు, కాసేపు కడ్డీ ఎత్తి వెళ్లిపోయాడు. అమర్కాయ్ దిమ్మల్ని ఇంకెవరూ ముట్టుకోలేదు. వాటిలో ఒకదాని మీది అరచేతి గుంటలో, లాంటే పెట్టి వెళ్లిన మందుసీసా ఉంది, పోయిన మంగళవారం తీసిందే, ఇప్పటికీ మూత ఊడదీయకుండా.