కర్రలో సీటీ

బిలియర్డ్స్ కర్ర కడుపులో ఏముంటుంది? బరువు కోసం మొదలువైపు పోసిన సీసం ఉంటుంది, అంతే కదా అనుకున్నాడు జగ్గారావు. వర్క్‌షాపులో పన్నెండేళ్ళుగా రైలుపెట్టెల వడ్రంగం చేస్తున్నవాడికి చెక్క సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. తీరా రైల్వే క్లబ్బువాళ్ళ పాతకర్రలు మరమ్మతుకని విప్పితే, ఒకదాంట్లో బంగారురంగు వెంట్రుక చుట్టిన జడపిన్ను, ఇంకోదాంట్లో గుర్రప్పందేల కాగితం బయటపడ్డాయి. ఇన్నాళ్ళూ దొరలు ఆడింది బంతులాటో దాగుడుమూతలో ఆ దేవుడికే తెలియాలి.

అసలు ఆ కర్రలు బెంగాలు రైల్వే ఊళ్ళో, మలంచా పేటలోని తమ ఇంటికి రావడమే తల్లి చిలకమ్మకు ఇష్టం లేదు.

"మీ అయ్యని దొంగన్నోళ్ళ కర్రలు నువ్వు బాగుసెయ్యాలేట్రా?" అని పొద్దున్నించీ కొడుకును దులిపేస్తోంది.

"కర్రలేటి సేసినాయే అమ్మా?" అన్నాడు జగ్గారావు.

ఆమె కోపం ఊరికే పుట్టింది కాదు. జగ్గారావు తండ్రి నూకయ్య ఆ క్లబ్బులోనే మార్కరు. ఆటలో పాయింట్లు చెప్పడం, కర్రలు చూసుకోవడం, గదికి తాళం వెయ్యడం ఆయన పని. పందొమ్మిదివందల నలభై ఆరులో ఒక ఆదివారం ఇంట్లో అన్నం తింటూ తింటూ ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది, మూతి వంకరపోయింది. మర్నాడు చూస్తే క్లబ్బు బీరువాలో వెండికప్పు లేదు. అప్పటి సెక్రటరీ దొర అంతకుముందు రోజే సీమకు ఓడ ఎక్కడానికి కలకత్తా వెళ్ళిపోయాడు, ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. తాళంచెవి నూకయ్య బొడ్లో ఉంది. ఇంకేం, నలుగురు పెద్దమనుషులు వచ్చి, మనిషి మంచంమీద ఉండగానే ఇల్లంతా తిరగేసి, బట్టలపెట్టె బోర్లించి పోయారు. కప్పు దొరకలేదు, దొంగన్న పేరు మాత్రం పదమూడేళ్ళయినా పోలేదు. వర్క్‌షాపులో ఎవరైనా వెనకనుంచి "కప్పు నూకయ్య కొడుకు" అంటే జగ్గారావు విననట్టు నడిచిపోయేవాడు.

నూకయ్య మంచంలో ఉన్న ఆ నాలుగు నెలలూ రెండే మాటలు పలికాడు. "సీటీ", "కర్ర". రైళ్ళ ఊళ్ళో సీటీ అంటే ఈల కాక ఇంకేమిటి? మనుషుల్ని పిలవడానికి ఈల, తట్టడానికి కర్ర అడుగుతున్నాడనుకుని, గార్డు ఈల ఒకటి సంపాదించి చేతికర్రకు కట్టి పక్కన పెట్టారు. ఆయన దాన్ని ఎడంచేత్తో విసిరికొట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆ ఏడుపుతోనే పోయాడు.

జగ్గారావు నాలుగో కర్ర అందుకున్నాడు. దాని అడుగుబిళ్ళ మరమేకుతో బిగించి ఉంది. విప్పి బోర్లిస్తే సీసం బదులు చుట్టచుట్టిన కాగితం ఒళ్ళో పడింది. ఇంగ్లీషు రాత. ఎనిమిదో తరగతి చదువు కూడదీసుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాడు.

"కప్పు పిడి ఊడింది. అతికించడానికి నేనే కలకత్తా తీసుకెళ్తున్నాను. మార్కరు నూకయ్య చేతినుంచి తీసుకున్నాను."

కింద దొర సంతకం, శనివారం తేదీ. క్లబ్బులో చీటీలన్నీ తీగకు గుచ్చేవారు, నెలాఖరుకు చింపి పారేసేవారు. ఇది పోకూడదని నూకయ్య తన చేతికింది కర్రలో దాచుకుని ఉంటాడు.

"అమ్మా! కర్రలో సీటీ దొరికింది!" అని కేకేశాడు జగ్గారావు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చి తన చెవికే తగిలింది. వీళ్ళ నోట చెయ్యి సెయ్యి అవుతుంది, చీర సీర అవుతుంది, చీటీ ఎప్పుడూ సీటీయే అవుతుంది. అయినా ఇంటి పెద్ద మాట ఇంట్లోవాళ్ళకే అందలేదు, ఏం ఖర్మ!

"ఏటి దొరికింది?" అంటూ వచ్చింది చిలకమ్మ.

"సీటీ, అమ్మా. కాయితం. అయ్య అడిగింది ఇదే."

ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈల కట్టినాన్రా," అంది. "నా సేత్తోనే కట్టినాను."

జగ్గారావు చొక్కా తొడుక్కుని సైకిలెక్కి సుభాష్‌పల్లి వెళ్ళాడు. ఇప్పటి సెక్రటరీ సోమయాజులు ఇల్లక్కడే. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆనాడు ఇల్లు వెతికిన నలుగురిలో ఆయనొకడు. చీటీ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశాడు.

"ఎంత పొరపాటు జరిగిందయ్యా! దీన్ని ఫైల్లో పెట్టిస్తాను. దొరా లేడు, నూకయ్యా లేడు, ఇప్పుడు నలుగురిలో ఎందుకు?"

"దొంగన్నది నలుగురిలోనే బాబూ. కాదన్నదీ నలుగురిలోనే అనాల. ఆదోరం మీటింగులో మీరే సదవాల."

"మెంబర్లు ఒప్పుకోకపోతే?"

"పై ఆదోరం వత్తాను. అప్పుడూ కాపోతే ఆ పై ఆదోరం. మీ కర్రలు రేపే ఇచ్చెత్తాను, సీటీ మాత్రం నా కాడే ఉంటాది."

అన్నట్టే కర్రలు ఇచ్చేశాడు. మొదటి ఆదివారం ఆ సంగతి కార్యక్రమంలో లేదన్నారు. రెండో ఆదివారం చాలినంతమంది రాలేదన్నారు. జగ్గారావు రెండుసార్లూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తలుపు దగ్గర నిలబడి, దణ్ణం పెట్టి వెళ్ళాడు. మూడో ఆదివారం అతణ్ణి చూడగానే సోమయాజులు తనే లేచాడు.

జగ్గారావు అందించిన చీటీ ఇంగ్లీషులో చదివాడు. తెలుగులో చెప్పాడు. బెంగాలీ మెంబర్లకు బెంగాలీలో చెప్పాడు. "నూకయ్య దొంగ కాదు. ఆరోజు ఆ ఇల్లు వెతికినవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పు మాది," అని, మీటింగు పుస్తకంలో రాశాడు. ఆపైన తలెత్తి, "నువ్వేమైనా చెప్పాలా జగ్గారావూ?" అన్నాడు.

ఇక కడిగేస్తాడనుకున్నారందరూ. కడిగినా తప్పులేదు.

"ఇంకో పేరు రాయాల బాబూ," అన్నాడు జగ్గారావు. "మీరు పెట్టె ఎతికి పోనారు. ఎవులూ లేనప్పుడు నాను అయ్య సెవికాడ వొంగి, కప్పెక్కడెట్టినావో సెప్పెయ్ అయ్యా, పరువు పోతంది అన్నాను. సీటీ అన్నాడు. ఇసుక్కుని లెగిసిపోనాను."

సోమయాజులు కలం కింద పెట్టాడు.

"అదెందుకులే నాయనా."

"రాయండి బాబూ. కొడుకు జగ్గారావు కూడా నమ్మినాడని రాయండి."

ఆయన రాసేదాకా జగ్గారావు కూర్చోలేదు.