కుడిచేత్తో పోయాలి

అసియామా సుత్తితో మూడో దిమ్మను తట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమని మోగే ఉక్కు అతనికి అక్కర్లేదు; తను చెయ్యబోయే మిషనుకు దాన్ని పీట వేస్తే, పని మొదలవగానే మిషనంతా దానితో కలిసి వణుకుతుంది. ఇది మాత్రం మొద్దుగా పలికింది. పోత ఇనుము. ఏదో బండి ఇంజనులో ఏళ్ళ తరబడి కాగి, చల్లారి, లోపలి బిగువంతా వదిలించుకున్న ఇనుము. సుత్తి అతని ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి జేబులో ఉంది.

కుమాసిలో బండ్లు బాగుచేసే సువామే షెడ్లలో అసియామాకు పెద్ద పేరేమీ లేదు. ఇరుసు మీద చీల కూర్చునే గాడిని ఆకురాయితో చేత్తో తీస్తాడు, అంతే. ఆ పని చేసే చెయ్యి ఏడాదిగా వణుకుతోంది. ఈ సంగతి పొక్కిందంటే మధ్యాహ్నం కెంకె ముద్ద తినేలోగా సువామే అంతా పాకిపోతుంది. ఇక్కడి నోళ్ళకు లారీలకున్నపాటి బ్రేకులు కూడా లేవు. ఆ తర్వాత ఎవడు ఇరుసు తెచ్చిస్తాడు? అందుకే కంప్యూటరు చెప్పినట్టు తనంతట తానే ఇనుము కోసుకునే చిన్న మిల్లింగ్ మిషనొకటి చేసుకోవాలని కూర్చున్నాడు. అది ఉంటే చేతితో పని లేదు. భయపడే పనీ లేదు.

పాత సామాన్లమ్మే అఫ్రియే దగ్గర పొద్దున్నించీ ఏరుతున్నాడు. జిరాక్సు మిషన్ల కడ్డీలను అద్దం మీద దొర్లించి, ఎగుడుదిగుడుగా దొర్లినవాటిని పక్కన పడేశాడు. తిప్పితే బల్లను ముందుకూ వెనక్కూ జరిపే మరకు ఇళ్ళు కట్టేవాళ్ళ మరకడ్డీ వద్దనుకుని, కారు జాకీలోది తీసుకున్నాడు. దాని పళ్ళు మందంగా ఉన్నాయి. మోటార్ల దగ్గరే చిక్కొచ్చింది. రెండు తీగలు కలిపి మెలేస్తే ఇరుసు బిగుసుకోవాలి, అప్పుడే లోపలి చుట్ట బాగున్నట్టు. మెలెయ్యడానికి రెండు చేతులు కావాలి.

చలిగాలికి వేళ్ళు కొంకర్లు పోయాయని చెప్పి అఫ్రియే చేతే మెలేయించాడు. ఎడారి వైపు నుంచి వీచే హర్మట్టాన్ గాలి దుమ్ముతో పాటు అతనికి ఈ సాకు కూడా మోసుకొచ్చింది. గాలి ఆగిపోయాక ఏం చెప్పాలో ఇంకా తట్టలేదు.

దిమ్మను బండిలోకి ఎక్కిస్తుంటే అఫ్రియే ఆపింది.

"మేస్త్రీ, చెప్పకుండా అమ్మితే నాకు పాపం. అది బస్సుది. అందులో మనుషులు పోయారు."

అసియామా దిమ్మ మీది చెయ్యి తీసేశాడు. అలాంటి ఇనుములో బరమా దిగేముందు, కొన్నవాడు నలుగురి ఎదుట చనిపోయిన పెద్దలను పిలిచి దాని మీద జిన్ను సారా పోయాలి. కుడిచేత్తో పోయాలి. ఎడమచేత్తో బతికున్నవాడికి గ్లాసందించినా తిట్టినట్టే, పోయినవాళ్ళకు అందిస్తాడా! కొత్తగా పోసిన దిమ్మ ఒకటుంది కానీ, దాన్ని ఒక వానాకాలమైనా బయట పడేసి కుదురుకోనివ్వాలి. అంతకాలం ఈ చెయ్యి ఆగదు. తర్వాత చూసుకోవచ్చులే అని బస్సు ఇనుమే పట్టించుకెళ్ళాడు.

అతని కన్నా ముందే కబురు షెడ్డు చేరింది. కుర్రతనం నుంచీ ఆ షెడ్డులో పక్కపక్కనే పనిచేస్తున్న వెల్డరు అడొమాకో, జిన్ను సీసా, చిన్న గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. పక్క షెడ్లవాళ్ళు అప్పటికే చేరారు. అసియామా గొంతు బాగాలేదన్నాడు, రేపన్నాడు, నువ్వే పొయ్యరా అని అడొమాకోతో అన్నాడు.

"కొన్నది నువ్వురా. పోయాల్సింది కూడా నువ్వే."

గ్లాసు తీసుకున్నాడు. పెద్దలారా అని మొదలుపెట్టేసరికి జిన్ను ఇనుము మీద పడకుండా అతని పాదాల మీద చింది, వేళ్ళ సందుల్లోకి చల్లగా కారింది. చూసినవాళ్ళంతా ఒక్కసారిగా నేల చూపులు చూశారు. అడొమాకో ముందుకొచ్చి అతని మణికట్టు కింద తన కుడిచెయ్యి పెట్టాడు. మిగిలింది ఇద్దరూ కలిసి పోశారు. చీల గాడి కోసం గొట్టం లాంటి ఇరుసొకటి తెచ్చినవాడు, తొందరేం లేదులే అని దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక అడొమాకో అతని పక్కన కూర్చున్నాడు. ధైర్యం చెబుదామనే మొదలుపెట్టాడు పాపం.

"నాకెప్పుడో తెలుసురా. సాయంత్రం నువ్వు ఇంటికెళ్ళాక ఆ గాడులు నేనే సరిచేస్తున్నా. ఒక్కడు వెనక్కి తెచ్చాడా చెప్పు?"

అసియామాకు చెప్పలేనంత సిగ్గేసింది. వణుకుతున్నా తన పనికి వంక రాలేదన్న ఒక్క ధీమాతో ఏడాదంతా బతికాడు. అది కూడా తనది కాదు. మంచిదిరా అని లేచి, చేతులు కడుక్కుని, ట్రోట్రో వ్యాను ఎక్కడానికి రోడ్డు వైపు నడిచాడు. ఆ పూట కుడిచెయ్యి జేబులో పెట్టుకోలేదు.

మర్నాడు మాంపాంగ్ ఊరి నుంచి అసియామా అక్క అడొమాకోకు ఫోను చేసింది. తమ్ముడు తన దగ్గరే ఉంటాడనీ, ఇక షెడ్డుకు రాడనీ చెప్పింది. మోటార్లూ కడ్డీలూ ఎంతకిస్తావని అడిగినవాళ్ళను అడొమాకో కసురుకుని పంపేశాడు.

సాయంత్రం అడొమాకో అలవాటు కొద్దీ ఆకురాయి అందుకున్నాడు. అసియామా చివరిగా తీసిన గాడి బల్ల మీది చిన్న ఇరుసు మీద ఉంది. కాసేపు చూసి ఆకురాయి పక్కన పెట్టేశాడు. ఆ ఇరుసు ఇప్పటికీ బల్ల మీదే ఉంది. గాడి సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణించి కొద్దిగా ఎడమకు ఒరిగింది.