సుశీలమ్మ మొగుడు పారిపోలేదు

ఎముకలు దొరికినాయని ఫోన్ వచ్చేసరికి నేను మార్కాపురం బస్టాండులో పలకల కార్మికుల యూనియన్ కరపత్రాలు పంచుతున్నా. కట్ట బెంచీ మీద పడేసి ఆటో ఎక్కినా. తర్లుపాడు రోడ్డు పక్కన పాత పలక గని అది. ముప్పై ఏళ్లకు పైగా నీళ్లు నిలిచి గుంతలాగా పడుంది. మళ్లీ తవ్వుదామని యజమాని కొడుకు హరికృష్ణ మోటార్లు పెట్టి నీళ్లు తోడిస్తున్నాడు. అడుగున, విరిగిపడిన చరియ కింద ఒక పుర్రె, దవడ, కాళ్ల ఎముకలు బయటపడినాయి.

నేను పోయేటప్పటికే మా వీధి సుశీలమ్మ పిన్ని బురదలో కూలబడి, పుర్రెను ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుస్తా ఉంది.

"చూడు హాజిరా, మీ బాబాయి! ఎక్కడికీ పోలేదని నేను చెప్పలా? ఇన్నేళ్లూ చెప్పలా?"

ఆమె మొగుడు నాగులు ఆ గనిలోనే రాయి తీసేవాడు. తొంభైలో, వానల్లో, పనికి పోయినోడు తిరిగి రాలేదు. ఆ రోజే చరియ విరిగింది. లోపల మనిషే లేడన్నాడు అప్పటి యజమాని, హరికృష్ణ నాయన. ముండ్లమూరు వైపు ఎవతినో లేపుకుపోయినాడని పుకారు కూడా పుట్టించినాడు. పోలీసులు అదే రాసుకున్నారు. కూతురు ప్రశాంతికి అప్పుడు రెండేళ్లు. ఆ పిల్ల బళ్లో చేరితే "మీ నాయన ఏ ఊళ్లో కాపురం పెట్టినాడే?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఇంకా అడుగుతారు.

"ఇది పాత శ్మశానం ఎముకక్కా. తీసి పూడ్చేస్తే సరిపోతుంది," అన్నాడు హరికృష్ణ.

"అరవై అడుగుల లోతులో శ్మశానం ఎవరు పెట్టినారబ్బా? మీ తాతా?" అన్నా.

కూలోళ్లు నవ్వినారు. నేను నవ్వలా. ఎస్సై వచ్చి మూట కట్టి సీలు వేసేదాకా అక్కణ్ణుంచి ఎవర్నీ కదలనీయలా. ఎముకలు ల్యాబుకు పోయినాయి. తల్లీకూతుళ్ల రక్తం కూడా పోయింది.

రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. అభిప్రాయం ఇవ్వలేము అని ఒక్క ముక్క. ఆ సాయంత్రానికే టీ దుకాణాల్లో "కలవలేదంట" అని పాకింది. ప్రశాంతి మా గడప దగ్గరకొచ్చి లోపలికి రాకుండా నిలబడింది.

"అక్కా, మా నాయన కాదంటనా?"

"కాదని రాయలా. తేల్చలేమని రాసినారు. రెండూ ఒకటి కాదు."

"ఊరోళ్లకు ఆ తేడా ఎవరు చెప్తారక్కా?"

పదిహేను రోజుల్లో ఇంకే ఆధారమూ రాకపోతే గుర్తు తెలియని ఎముకలని రాసి పూడ్చేస్తామన్నాడు ఎస్సై. పూడ్చినారంటే నాగులు పారిపోయినోడిగానే మిగిలిపోతాడు.

నేను చదివింది ఏడో తరగతి. డిఎన్ఏ అంటే ఏందో ఆ రెండు నెలల్లో ఫోన్లో చూసినా, డిగ్రీ చదివే పక్కింటి అష్రఫ్ దగ్గర సైన్సు పుస్తకం అడుక్కొచ్చి చదివినా. సగం ఎక్కింది, సగం ఎక్కలా. అయినా రిపోర్టు మీది నంబరు పట్టుకుని ల్యాబుకు ఫోన్ మీద ఫోన్ కొట్టినా. పదకొండోసారికి వాణి అనే మేడం దొరికింది. పరీక్ష చేసింది ఆమే.

"ఎముక బాగా నాని పాడైపోయిందమ్మా. దొరికిన కొంచెం డిఎన్ఏలో సుశీలమ్మ గారి గుర్తులు చాలా కనపడుతున్నాయి. భార్యాభర్తల గుర్తులు అంతగా కలవవు. ఆవిడ ఆ ఎముకలు పట్టుకున్నారా?"

"ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది మేడం."

"అదీ సంగతి. ఆవిడదే దానికి అంటుకుని ఉంటుందని మా అనుమానం. రక్తసంబంధం ఉంటే తప్ప ఇంకోలా చెప్పలేం."

రక్తసంబంధం! ఫోన్ పెట్టేసి పరుగున పోయినా. పిన్ని వాకిట్లో కందులు చెరుగుతా ఉంది.

"పిన్నీ, పెళ్లికి ముందు బాబాయి నీకు చుట్టమా?"

"చుట్టమేంది? మా అమ్మ తమ్ముడు."

"సొంత తమ్ముడా?"

"సొంతం కాక అద్దెకు తెచ్చుకుంటామా?"

"పోలీసులకు చెప్పినావా ఈ మాట?"

"అడిగితే గదా! ఏమవుతావు అన్నాడు, పెళ్లాన్ని అన్నా. ఈ వీధిలో నాలుగిళ్లల్లో మేనమామలే మొగుళ్లు. అది గూడా రాయించుకునే ముచ్చటనా?"

మాలో మేనమామతో నిఖా హరామ్. చిన్నాయన కొడుకునైనా చేసుకుంటాం గానీ అమ్మ తమ్ముణ్ణి చేసుకోం. అందుకే నాకు తట్టింది. వాళ్లింట్లో పుట్టినదాన్నైతే నాకూ తట్టేది కాదు. ఫారం నింపిన కానిస్టేబులుకు మాత్రం ఎట్ల తడుతుంది? ఆయన చేసుకుందీ అక్క కూతుర్నే!

అక్కడ్నుంచే ఫోన్ కొట్టి స్పీకర్లో పెట్టినా.

"ఒకే తల్లి పిల్లలా?" వాణి మేడం గొంతు మారిపోయింది. "నాగులు, సుశీలమ్మ గారి అమ్మ, ఇద్దరూ ఒకే కడుపునా?"

"ఒకే కడుపున తల్లీ," అంది పిన్ని చేట కింద పెట్టి. "మా అవ్వ నాంచారమ్మ కడుపున."

"అయితే మొత్తం మారిపోతుంది! తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే డిఎన్ఏ ఒకటుంది. పాత ఎముకల్లో అది ఎక్కువ కాలం నిలుస్తుంది. మీ అవ్వది మీ అమ్మకొచ్చింది, అమ్మ నుంచి మీకొచ్చింది. మీ అవ్వదే మీ ఆయనకూ వచ్చి ఉండాలి. మామూలుగా పెళ్లాందీ మొగుడిదీ కలవదు. మీది కలవాలి!"

"మరి పిన్ని చెయ్యి తగిలిందంటిరి గదా మేడం? ఆమెదో బాబాయిదో ఎట్ల తెలుస్తుంది?" అన్నా.

"అందుకే ఈసారి దవడ పన్ను కోస్తాం. పంటి లోపలికి ఎవరి చెయ్యీ పోదు కదా. బంధుత్వం మొత్తం రాసి స్టేషన్ నుంచి ఉత్తరం పంపించండి. తొందరగా!"

పదిహేను రోజుల్లో అప్పటికే పన్నెండు అయిపోయినాయి. అవ్వ నుంచి ప్రశాంతి దాకా ఎవరికి ఎవరేమవుతారో తెల్లకాగితం మీద గీతలు గీసి తీసుకుపోయినాం. ఎస్సై దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఈమాట ముందే చెప్తే ఏం పోయె?" అని విసుక్కున్నాడు. "ముందే అడిగితే ఏం పోయె?" అంది పిన్ని. విసుక్కుంటానే ల్యాబుకు ఉత్తరం రాసి సంతకం పెట్టినాడు.

ఉత్తరం పోయిన నలభై రెండో రోజున స్టేషన్‌కు పిలిపించినారు. మేం పోయేటప్పటికి హరికృష్ణ తరపున వాళ్ల మేనేజరు రామయ్య కుర్చీలో కూర్చోనున్నాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి, తెల్లచొక్కా. ఎస్సై రిపోర్టు చదవడం మొదలుపెట్టినాడు. పంటి లోపలి డిఎన్ఏ మగమనిషిది. ఆడమనిషిది కలిసిన గుర్తు లేదు. తల్లి వైపు డిఎన్ఏ సుశీలమ్మదీ దానిదీ ఒకటే. ప్రశాంతికి తల్లి నుంచి రాని గుర్తులు ఆ పంటిలో ఉన్నాయి. మేనరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా...

"సార్, నాకు ఒక్క మాటలో చెప్పండి," అంది ప్రశాంతి. రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగింది.

"మీ నాయనే అమ్మా."

ఆ పిల్ల ఒక్క కేక పెట్టి రోడ్డు మీదికి ఉరికింది. స్టేషన్ ముందర గిద్దలూరు బస్సు ఆగుంది. కిటికీల్లోంచి చూస్తున్నోళ్లకు చెప్తా ఉంది, వాళ్లెవరో ఏందో తెలియదు పాపం. "మా నాయన పారిపోలేదు! మా నాయన గనిలోనే ఉన్నాడు!" ఎవరో ముసలాయన కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె తల నిమిరినాడు.

పిన్ని మాత్రం కుర్చీలోంచి లేవలా.

రామయ్య గొంతు సవరించుకున్నాడు. "మంచిదే గదమ్మా, మనిషి ఆనవాలు దొరికె. వ్యాను మేమే మాట్లాడతాం. ఎముకలు తెప్పించి దినం చూసి దహనం చేసుకోండి. ఇంక గొడవలెందుకు?"

"తొందరేముంది? ముప్పై నాలుగేళ్లు మీ గనిలోనే పెట్టుకుంటిరి గదా," అంది పిన్ని. ఎస్సై వైపు తిరిగింది. "సారూ, అప్పుడు ఇదే స్టేషన్లో నేను చెప్తే రాసుకోలా. ఇప్పుడు రాసుకో."

ఎస్సై కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ముందు రోజు మా ఆయన ఇంటికొచ్చి గని గోడ పగిలింది, రేపు దిగను అన్నాడు. తెల్లారేసరికి హరికృష్ణ నాయన మోటారు సైకిలు మీద మా వాకిట్లోకి వచ్చినాడు. దిగకపోతే నీకూ నీ పెళ్లానికీ ఇంక ఏ గనిలోనూ పనుండదు అన్నాడు. మా ఆయన అన్నం గూడా తినకుండా పోయినాడు. బండి మీద ఆ పెద్దమనిషి వెనకాల ఇంకొకడు కూర్చోనున్నాడు."

"ఎవరు?"

పిన్ని వేలు చూపించింది. "ఇదిగో, ఈయనే. అప్పుడు మీసం నల్లగా ఉండె."

రామయ్య చెప్పులు తొడుక్కుంటా లేచినాడు. ఎస్సై పెన్ను ఆపి తలెత్తినాడు.

"కూర్చో రామయ్యా," అన్నాడు. "తర్వాత నువ్వే చెప్పాల."