వదిన చేతికిచ్చిన మొండి తోలు

కెనడా ఉత్తరాన మా క్రీ తెగవాళ్ళ ఊళ్ళో గుండె దడ పుట్టినవాళ్ళంతా ముందు మా అన్న భార్య సెలెస్టీన్ తలుపే తడతారు. మూస్ అనే పెద్ద దుప్పి తోలును మెత్తగా సాగదీసి, పుచ్చుకట్టె పొగ పట్టించి, అరచేతిలో ఇమిడే ముక్కలు కోస్తుంది. ఒకవైపు కుందేలు బొచ్చు, అంచున పూసలు కుడుతుంది. ఆ పొగ వాసన పీల్చి, బొచ్చు నిమిరి, పూసలు తడుముకుంటే కంగారు దిగిపోతుంది. పరీక్షలకెళ్ళే పిల్లలే కాదు, మా చీఫ్ కూడా సభలో మాట్లాడే ముందు జేబులో చెయ్యి పెట్టి దాన్నే నలుపుతుంటాడు.

అలాంటి వదిన, సరస్సు నీళ్ళ మీదే దిగి ఆగిన చిన్న విమానం ముందు మొరాయించింది. కళ్ళలో పొరలు ముదిరాయి. పట్నం వెళ్ళి ఆపరేషన్ చేయించుకోకపోతే చూపు దక్కదన్నారు. కిందటిసారి కూడా ఇలాగే ఒడ్డున నిలబడిపోయింది.

"ఊరందరికీ ధైర్యం పంచిపెట్టావు. నీకు కాస్త దాచుకోవద్దూ వదినా?" అన్నాను.

"నోరు ముయ్యవే. నా ముక్క నా చేతిలోనే ఉంది. పట్టుకుంటే చాలు, ఏ కుట్టు వదులైందోనని వేళ్ళు వెతుకుతున్నాయి. కంగారు ఇంకా ఎక్కువవుతోంది."

కిందటిసారీ ఇదే మాట అంది. అందుకే ఈసారి నేనే ఒకటి తయారుచేసి తెచ్చాను. తీసి చేతిలో పెట్టాను.

తడిమింది. మొహం చిట్లించింది. "ఇదేంటే, తువ్వాలంత ఉంది? లాగి మెత్తబరచకుండా చెక్కలా ఇంత మొండిగా ఉంచేసి పొగ పెట్టావా? మీ అమ్మ చూసుంటే నిన్నూ ఆ పొగలోనే వేలాడదీసేది."

"మా అమ్మకి కోడలి పనే నచ్చేది కాదు, ఇక నాదెంత."

"చాల్లే. ఆ కొస పట్టుకో. లాగు."

తోలు మెత్తబడాలంటే ఇద్దరు చెరోవైపు లాగాల్సిందే. నేను లాగుతూ వెనక్కి వెనక్కి నడిచి విమానం మెట్టెక్కాను. తిట్టుకుంటూ వదిన వెంట వచ్చింది.

"కుక్కను ఈడ్చుకెళ్ళినట్టు ఎక్కడికి తీసుకెళ్తున్నావో నాకు తెలుసులే," అని లోపల కూర్చుంది.

విమానం లేచింది. వదిన మెల్లిగా అంది: "నా భయం విమానం గురించి కాదే. ఆపరేషన్లో కళ్ళు పాడైపోతే? కుట్టలేకపోతే ఇక నేను దేనికే?"

 నాకూ భయమేసింది. చేతులు వణికాయి. తోలు అవతలి కొస ఇంకా పట్టుకునే ఉన్న వదినకు తెలిసిపోయింది.

"ఆపరేషన్ నాకు కదే, నువ్వెందుకు వణుకుతున్నావు?"

నా రెండు చేతులూ తోలుతో సహా తన ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

"సర్లే, ఆస్పత్రిలోకి నేనే ముందు నడుస్తాను. నువ్వు నా వెనకాలే రా."